అంకుడు చెట్టు నుంచే మొదలుపెట్టాలి

హస్తకళను కాపాడటం అనగానే మనకు సన్మానాలు, ప్రదర్శనలు, భౌగోళిక గుర్తింపులు తోస్తాయి. ఏటికొప్పాకకు ఇవన్నీ దక్కాయి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఈ ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల కోసం ఏళ్ల తరబడి పాటుపడిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఈ బొమ్మలే కొలువుదీరాయి. సంతోషమే. అయితే కీర్తి ఒక్కటే ఊరికి కూడు పెట్టదు. కళకు కావలసిన ముడిసరుకు, ఆ పనికి దక్కే కూలి ఎంత మేర ఊళ్లో, ఊరి చుట్టూ నిలుస్తాయో, ఆ మేరకే కళ ఊరిని నిలబెడుతుంది.

బొమ్మ తయారయ్యే తీరులోనే ఇందుకు రుజువుంది. మెత్తగా ఉండే అంకుడు కర్రను కోసి, ఆరబెట్టి, లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీని ఒత్తిపెడితే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది నునుపు తెస్తారు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు రంగులిస్తాయి. అంటే కర్ర తెచ్చేవారు, లక్క సేకరించేవారు, రంగు మొక్కలు పెంచే రైతు, చెక్కేవారు, అందరికీ ఇందులో వాటా ఉంది. రంగులను డబ్బాల్లో కొని తెస్తే ఆ మేరకు డబ్బు ఊరు దాటిపోతుంది. సహజ రంగులకు మళ్లడం పిల్లల ఆరోగ్యానికే కాదు, ఊరి రాబడికీ మేలు.

ప్లాస్టిక్ బొమ్మ చవక కదా, పోటీ ఎలా అంటారు. ధరలో పోటీ పడితే ఓటమి ఖాయం. పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మగా నిలవడమే దీని బలం. చెట్లు నరికే కళను ప్రోత్సహించడం అడవికి చేటన్న అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. అంకుడు కర్ర దొరకడం కష్టమవుతోందన్నది నిజం. కానీ ఇది మోడు నుంచి మళ్లీ చిగురించే చెట్టు. బంజరు భూముల్లో, పొలం గట్ల మీద పెంచి వంతులవారీగా నరికితే అడవి మీద భారం తగ్గుతుంది, రైతుకు ఇంకో ఆదాయం వస్తుంది. కళాకారుల పిల్లల్ని అదే వృత్తికి కట్టేయకూడదన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పుట్టుక వల్ల కాదు, గిట్టుబాటు కూలి వల్ల వృత్తి సాగాలి. నేర్చుకోవాలనుకునే ఏ ఇంటి పిల్లకైనా, పిల్లవాడికైనా శిక్షణ అందాలి.

భౌగోళిక గుర్తింపు విలువనూ పనివారికి దక్కే మేలుతోనే కొలవాలి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు నాణ్యతా ప్రమాణాలు తప్పనిసరి చేసిన కేంద్రం, నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపును వాడుకునే అధికారం పొందినవారికి మినహాయింపు ఇచ్చింది. పేరు నమోదు కాని పనివారికి ఆ మేలు అందదు. కాబట్టి ప్రతి పనివారి పేరూ నమోదు చేయించడం, ఊరి దగ్గర అంకుడు తోటలు వేయించడం, రంగు పంటలకు ముందే ధర ఒప్పుకోవడం ఇప్పుడు జరగాల్సిన పనులు. కొత్త ప్రదర్శనశాల కన్నా ముందు ప్రభుత్వం, పంచాయతీ వీటికి డబ్బు కేటాయించాలి.