వాట్సన్ భుజం, వాట్సన్ కాలు

షెర్లాక్ హోమ్స్ కథలు మనకు చెప్పే డాక్టర్ వాట్సన్‌కి తూటా ఎక్కడ తగిలింది? 1887లో వచ్చిన 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్'లో ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. అఫ్గానిస్తాన్‌లో, మైవాండ్ యుద్ధంలో, భుజానికి తగిలింది. 1890లో 'ది సైన్ ఆఫ్ ఫోర్' వచ్చింది. అందులో ఇదే వాట్సన్ గాయపడ్డ కాలు పట్టుకుని కూర్చుంటాడు. వాతావరణం మారినప్పుడల్లా ఆ కాలు సలుపుతుందంటాడు. భుజం గాయం ఊసే ఎత్తడు.

రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ మరిచిపోయి ఉంటాడనుకుని మనలో చాలామందిమి పేజీ తిప్పేస్తాం. నూరేళ్లకు పైగా కొందరు పాఠకులు అలా తిప్పకుండా అక్కడే ఆగారు. రెండు తూటాలు తగిలి ఉంటాయన్నారు కొందరు. ఒక్కటే తూటా, కానీ వాట్సన్ అప్పుడు కింద పడి ఉన్న సైనికుడి మీదికి వంగి కట్టు కడుతున్నాడు, అందుకే అది భుజాన్నీ కాలినీ కూడా గాయపరిచిందన్నారు ఇంకొందరు. వంగిన మనిషి ఒంట్లో తూటా ఏ దారిన పోతుందో బొమ్మలు గీసి మరీ వాదించారు. ఒక్క మాట మాత్రం ఎవరూ అనరు: రచయిత పొరబడ్డాడని. ఆ మాట అంటే ఆట ముగిసిపోతుంది.

దీన్ని వాళ్లు ఆట అనే పిలుస్తారు, గ్రాండ్ గేమ్ అని. ఆడేవాళ్లను అమెరికాలో షెర్లాకియన్లంటారు, బ్రిటన్‌లో హోమ్సియన్లంటారు. హోమ్స్, వాట్సన్ నిజంగా బతికిన మనుషులు. కథలు వాట్సన్ రాసినవి. డాయిల్ వాటిని పత్రికలకు చేర్చిన మధ్యవర్తి. ఆటకు పునాది ఇదే. నాలుగు నవలలు, 56 కథలు, మొత్తం 60 రచనలు. వీటిని కలిపి బైబిల్ పండితుల మాట అరువు తెచ్చుకుని కానన్ అంటారు. వాదం ఏదైనా ఆ అరవైలోంచే పుట్టాలి.

మొదలుపెట్టింది రోనాల్డ్ నాక్స్. తర్వాతి కాలంలో కాథలిక్ ప్రీస్టయి, ఒంటిచేత్తో బైబిల్‌ను ఇంగ్లీషు చేసినవాడు. 1911లో ఆక్స్‌ఫర్డ్‌లో, ఇరవై మూడేళ్ల వయసులో, హోమ్స్ కథల మీద ఒక ప్రసంగ పత్రం చదివాడు. జర్మన్ పండితులు బైబిల్‌ను ఏ పేరా ఎవరు రాశారు, ఏది ముందు, ఏది చేర్పు అని విడదీసే పద్ధతిని తీసుకొచ్చి హోమ్స్ కథల మీద ప్రయోగించాడు. ఆ పండితులను ఆటపట్టించడమే ఆయన ఉద్దేశం. కానీ పద్ధతి నిలిచిపోయింది, వెక్కిరింత వెనక్కి పోయింది. పత్రం చదివిన డాయిల్ ఆయనకు ఉత్తరం రాశాడు. ఈ కథల మీద ఇంత శ్రమపడే మనిషి ఉన్నాడా అని ఆశ్చర్యపోయాడు.

1934లో న్యూయార్క్‌లో క్రిస్టఫర్ మోర్లీ 'బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్' అనే సంఘం పెట్టాడు. 1946 నుంచి వాళ్లకు సొంత పత్రిక ఉంది. ఆ సంఘంలోకి ఆడవాళ్లను చేర్చుకోవడానికి మాత్రం 1991 దాకా పట్టింది. అది ఆ సంఘం చరిత్రలో ఒక మచ్చే. ఎందుకంటే ఈ ఆటకు అందరికంటే బాగా నియమం చెప్పింది ఒక ఆడమనిషి. డిటెక్టివ్ నవలా రచయిత్రి డొరొతీ సేయర్స్ ఈ ఆటను లార్డ్స్ మైదానంలో క్రికెట్ ఆడినంత నిష్ఠగా ఆడాలంది. అతి చేసినా వెకిలి చేసినా రసం చెడుతుందని హెచ్చరించింది.

ఆమె ఆడిన ఒక ఎత్తు దగ్గర్నుంచి చూడాలి. వాట్సన్ పూర్తి పేరు మొదటి పుస్తకంలో జాన్ హెచ్. వాట్సన్ అని ఉంటుంది. 1891 నాటి 'ది మ్యాన్ విత్ ది ట్విస్టెడ్ లిప్' కథలో ఆయన భార్య మేరీ, ఇంటికొచ్చిన స్నేహితురాలి ముందు, భర్తను జేమ్స్ అంటుంది. జాన్‌ని కట్టుకున్నావిడ జేమ్స్ అని ఎందుకంది? మేరీకి మతిమరుపా? ఇంకో మగవాడున్నాడా? సేయర్స్ అటు పోలేదు. ఎవరూ విప్పని ఆ 'హెచ్' దగ్గర ఆగింది. స్కాట్లండ్‌లో హేమిష్ అనే పేరుంది, అది జేమ్స్‌కి అక్కడి రూపం. అంటే ఆయన జాన్ హేమిష్ వాట్సన్. ఇంట్లో భార్య ఆ మధ్య పేరును ఇంగ్లీషులోకి తిప్పి ముద్దుగా జేమ్స్ అని పిలుచుకుంది. రెండు చిక్కులు, ఒకటే తాళంచెవి. బయటి నుంచి ఒక్క ఆధారం కూడా తేలేదు. కథల్లో ఉన్న ఒక పొడి అక్షరంతో పని పూర్తిచేసింది.

మన మెతుకుసీమ కొల్చారం నుంచి వెళ్లి కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథ సూరి, మూలంలో ఆధారం లేనిది రాయనని మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ నియమం తెలిసిన తెలుగువాడికి సేయర్స్ పని వింతగా తోచదు.

కాలనిర్ణయం ఇంకో పెద్ద విద్య. వాట్సన్ తేదీలు తరచూ తడబడతాయి. 'ది రెడ్ హెడెడ్ లీగ్'లో జాబెజ్ విల్సన్ తెచ్చిన పత్రికా ప్రకటన తేదీ 1890 ఏప్రిల్ 27. అప్పటికి సరిగ్గా రెండు నెలలైందని వాట్సన్ అంటాడు. విల్సన్ ఆ కొలువు ఎనిమిది వారాలు చేశాడు. మరి లీగ్ మూతపడిందని తలుపు మీద అంటించిన అట్టముక్క మీదేమో అక్టోబర్ 9 అని ఉంటుంది! ఇలాంటివి తేల్చడానికి అభిమానులు పాత క్యాలెండర్లలో ఏ తేదీ ఏ వారమో చూశారు, ఆ రోజు లండన్‌లో వాన పడిందో లేదో వెతికారు. 1967లో విలియం బేరింగ్-గౌల్డ్ ఈ వాదాలన్నీ పోగేసి రెండు పెద్ద సంపుటాల సవ్యాఖ్యాన ప్రతి వేశాడు. పేజీలో ఒక పక్క కథ నడుస్తుంటే పక్కనే వ్యాఖ్య నడుస్తుంటుంది.

అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పాము గొడవ. 'ది స్పెకిల్డ్ బ్యాండ్'లో డాక్టర్ రాయ్‌లట్ భారతదేశం నుంచి ఒక విషసర్పాన్ని తెప్పించుకుంటాడు. ఈలవేస్తే వెనక్కి వస్తుంది, గంట తాడు పట్టుకుని దిగి ఎక్కుతుంది, సాసర్‌లో పాలు తాగుతుంది. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకు ఆ సాసర్ దగ్గర అనుమానమే రాదు. పాముల శాస్త్రవేత్తకు వస్తుంది. పాము పాలకు లొంగదు, దానికి బయటి చెవుల్లేవు, వేలాడే సన్నటి తాడు మీద పైకి పాకడం కష్టం, పైగా కథలో చెప్పిన 'స్వాంప్ ఆడర్' అనే పాము ఇండియాలో లేనే లేదు. అమెరికా ర్యాటిల్ స్నేక్‌ల మీద ప్రామాణిక గ్రంథం రాసిన లారెన్స్ క్లాబర్ ఈ ఆటలోకి దిగి ఒక పరిష్కారం చెప్పాడు. అది పాము కాదు, త్రాచుకీ, గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లికీ రాయ్‌లట్ పుట్టించిన సంకరం. బల్లికి చెవులుంటాయి కనుక ఈల వినబడింది. కాళ్లూ గోళ్లూ ఉంటాయి కనుక తాడెక్కింది. పేరు? హిందీ 'సాంప్'కి ఆ బల్లి శాస్త్రీయ నామం హీలోడెర్మాలోంచి ఒక ముక్క కలిపితే వచ్చిన మాటను వాట్సన్ 'స్వాంప్ ఆడర్' అని విన్నాడు. ప్రకృతిలో అలాంటి సంకరం కుదరదని క్లాబర్‌కి తెలియకపోదు. కానీ తన జీవితకాలపు విద్యనంతా ఒక కథలోని నాలుగు వాక్యాలకు పెట్టుబడిగా పెట్టాడు. కథను ప్రేమించడం అంటే ఇదేనని నాకనిపిస్తుంది.

ఇక టీవీ. 1984 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో గ్రనడా టెలివిజన్ వాళ్ల హోమ్స్ సీరియల్ మొదలైంది. పదేళ్లలో 41 భాగాలు తీశారు. నిర్మాత మైకేల్ కాక్స్, షూటింగ్‌కి ముందే, హోమ్స్ ఏం తింటాడు, ఎలా కూర్చుంటాడు, పైపు ఎప్పుడు వెలిగిస్తాడు అనేవి కథల్లోంచి ఏరి 77 పేజీల 'బేకర్ స్ట్రీట్ ఫైల్' తయారుచేయించాడు. సెట్‌లో అందరికీ అదే ప్రమాణం. హోమ్స్‌గా వేసిన జెరెమీ బ్రెట్, స్క్రిప్టు కథను దాటిపోతే ఒప్పుకునేవాడు కాదు, పుస్తకం తెరిచి వాదించేవాడు. ఈ కథలు వచ్చిన స్ట్రాండ్ పత్రికలో సిడ్నీ పాజెట్ వేసిన బొమ్మలను చాలా దృశ్యాల్లో ఉన్నదున్నట్టు తెర మీద నిలబెట్టారు. ఇదంతా అభిమానుల పద్ధతే; స్టూడియోలోకి నడిచి వెళ్లింది, అంతే.

అంత పట్టుదల ఉన్న బ్రెట్టే ఒకచోట కావాలని మూలాన్ని దాటాడు. తన సీరియల్‌ను పిల్లలు కూడా చూస్తున్నారని తెలిసి, హోమ్స్ కొకైన్ అలవాటు మానేసినట్టు చూపిద్దామనుకున్నాడు. డాయిల్ కూతురు జీన్ అనుమతి తీసుకున్నాడు. 1988లో వచ్చిన 'ది డెవిల్స్ ఫుట్'లో హోమ్స్ సిరంజిని సముద్రపు ఇసుకలో పూడ్చేస్తాడు. కథలో అది లేదు. అయినా పుస్తకాలు కంఠస్థం చేసినవాళ్లు కూడా ఆ మార్పును గౌరవంగానే తలుచుకుంటారు. అదే సీరియల్‌లో 1993 నాటి 'ది లాస్ట్ వాంపైర్', 'ది ఎలిజిబుల్ బ్యాచిలర్' అంటే మాత్రం వాళ్లకు గిట్టదు. పుస్తకంలో ఉన్నట్టు తీశారా లేదా అన్నది అసలు ప్రశ్న కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఎందుకు మార్చారు, ఆ మార్పుకు పాత్రలోనే చోటుందా అని అడగాలి. హోమ్స్ ఆ అలవాటు నుంచి మెల్లగా బయటపడ్డాడని వాట్సనే ఒక కథలో రాశాడు. బ్రెట్ ఆ వాక్యానికి దృశ్యం సమకూర్చాడు. వాంపైర్ కథను రెండు గంటలకు సాగదీయడానికి అలాంటి ఆధారమేదీ లేదు.

2010 జూలైలో బీబీసీ 'షెర్లాక్' వచ్చింది. కాలం మారింది, టాక్సీలూ సెల్‌ఫోన్లూ వచ్చాయి. దాన్ని తయారుచేసిన స్టీవెన్ మొఫాట్, మార్క్ గాటిస్ ఇద్దరూ చిన్నప్పట్నుంచీ ఈ కథల పిచ్చివాళ్లే. మొదటి భాగంలో వాట్సన్ చేతికర్రతో కుంటుతూ వస్తాడు. కాలికి ఏ గాయమూ లేదు, కుంటు మనసులో ఉందని హోమ్స్ పసిగడతాడు. వీధుల వెంట పరుగులో పడి వాట్సన్ కర్ర మరిచిపోతాడు. నిజమైన గాయం భుజానిదని చివర్లో తెలుస్తుంది. నూట ఇరవై ఏళ్ల నాటి భుజం-కాలు చిక్కు అలా తీరింది! తెలియనివాళ్లకు అది మంచి సన్నివేశం; తెలిసినవాళ్లకు అది ఒక పాత వాదానికి కొత్త జవాబు. 2012లో ఈ వాట్సన్ తన మధ్యపేరు హేమిష్ అని చెబుతాడు. డాయిల్ ఎప్పుడూ రాయని పేరది. ఒక పాఠకురాలి వ్యాసంలోంచి తెర మీదికి వచ్చింది.

ఆ ఏడాది జనవరి 15న వచ్చిన భాగంలో హోమ్స్ ఆసుపత్రి మీది నుంచి దూకాడు. తర్వాతి భాగం 2014 జనవరి 1న గానీ రాలేదు. ఆ రెండేళ్లూ చూసినవాళ్లు ఆ దృశ్యాన్ని ఆపి ఆపి చూశారు. వాట్సన్‌ని గుద్దిన సైకిలు, అంతకు ముందు హోమ్స్ చేతిలో ఆడిన రబ్బరు బంతి, కింద ఆగి ఉన్న లారీ, ఒక్కోదాన్నీ పట్టుకుని హోమ్స్ ఎలా బతికి ఉంటాడో లెక్కలు కట్టారు. 1893లో 'ది ఫైనల్ ప్రాబ్లమ్' కథలో రైఖెన్‌బాక్ జలపాతం దగ్గర హోమ్స్‌ని పోగొట్టుకున్న పాఠకులు పదేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది, వీళ్లకది రెండేళ్లే. 2014 భాగంలో ఆ ఊహాగానాలనే కథలో పాత్రలకు అప్పగించి, వాదించుకునే అభిమాన బృందాన్నే తెర మీద కూర్చోబెట్టారు.

ఈ పద్ధతి దారి తప్పడమూ ఉంది. 2017 జనవరిలో నాలుగో సీజన్ చివరి భాగం చాలామందికి నచ్చలేదు. ఇంత బలహీనంగా తీయరు, ఇది కావాలని వేసిన ముసుగు, అసలైన నాలుగో భాగం దాచి ఉంచారు, త్వరలో చెప్పకుండా వేస్తారు అని కొందరు గట్టిగా నమ్మారు. రాలేదు. వాళ్లు చూపించిన శ్రద్ధ తక్కువేం కాదు, ప్రతి ఫ్రేమూ జల్లెడ పట్టారు. కాకపోతే సేయర్స్ చేసిన పనికీ దీనికీ తేడా ఉంది. ఆమె కథలో తప్పు కనబడితే కథలోకి ఇంకా లోతుకు వెళ్లింది. వీళ్లు తప్పు కనబడగానే ఉన్న కథను పక్కన పెట్టి, లేని కథను చదవడం మొదలుపెట్టారు.

బెంగాల్‌లో శరదిందు బందోపాధ్యాయ రాసిన బ్యోమకేశ్ కథలను 1993లో బాసు చటర్జీ దూరదర్శన్‌కి తీసినప్పుడు మన ఇళ్లలోనూ ఆ డిటెక్టివ్‌ను చూశాం. పుస్తకాలు తెచ్చుకుని పోల్చి చూసినవాళ్లు తక్కువ. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలకు తెలుగునాట ఎంతోమంది పాఠకులుండేవాళ్లు. వాటిని వరసబెట్టి, ఏ కేసు ఏ ఏడు జరిగిందో, ఏ వీధిలో జరిగిందో తేల్చే పని ఎవరైనా పెట్టుకుంటే ఎంత బాగుంటుందో అని నాకు కోరిక.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నేను చెప్పేది 'ది రెడ్ హెడెడ్ లీగ్'. ముందు కథ చదవండి, తర్వాత 1985 నాటి గ్రనడా భాగం చూడండి. బ్యాంకు దోపిడీ వెనక కథలో జాన్ క్లే, అతని తోడుదొంగ తప్ప ఇంకెవరూ లేరు. తెర మీద అతని వెనక ప్రొఫెసర్ మోరియార్టీ ఉంటాడు. ఎందుకు తెచ్చారంటే, ఆ వెంటనే వచ్చే భాగం 'ది ఫైనల్ ప్రాబ్లమ్'. కథల్లో మోరియార్టీ హఠాత్తుగా అక్కడే ఊడిపడి అక్కడే పోతాడు. అంత పెద్ద శత్రువుకు పూర్వరంగం లేదన్నది పాత ఫిర్యాదు. సీరియల్ వాళ్లు దాన్ని సరిదిద్దారు. అయితే అసలు చిక్కు తీరలేదు. 'ది ఫైనల్ ప్రాబ్లమ్'లో ఆ పేరు ఎప్పుడూ వినలేదంటాడు వాట్సన్. అంతకు ముందు జరిగినట్టు చెప్పే 'ది వ్యాలీ ఆఫ్ ఫియర్'లో అదే పేరు మొదటి పేజీల్లోనే బాగా తెలిసినట్టు మాట్లాడతాడు. కొత్త పాఠకులకు పరిచయం చేయడానికి వాట్సన్ తెలియనట్టు రాశాడన్నది ఎక్కువమంది ఒప్పుకునే జవాబు. నాకది చాలదు. స్నేహితుడి మరణం గురించి రాస్తున్న మనిషి ఆ పేజీలో నటిస్తాడంటే నమ్మలేను. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివినవాళ్లెవరైనా ఇంతకంటే మంచి జవాబు చెబితే వినాలని ఉంది.