సీటీసీ హస్తవాసి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)‌లో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే మెకానిక్‌ల పనితనాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. బ్యాటరీ మీద చక్కగా నడిచే ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే నత్తనడక పట్టిందనుకోండి. ‘విండోస్ మళ్లీ వేయించుకోండి’ అనేస్తే పని సులువే. మంచి మెకానిక్ ఆ మాట అనడు. టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్ వేగం చూస్తాడు. ఛార్జర్ తీస్తే 2 గిగాహెర్ట్జ్ దాటుతూ, పెడితే 0.4 దగ్గరే ఆగిపోతుంటే అనుమానం కరెంటు వైపు మళ్లుతుంది. 65 వాట్లు కావాల్సిన చోట 45 వాట్ల ఛార్జర్ వాడుతున్నారా? అదీ సరిగ్గానే ఉంటే పిన్నును వెలుతురులో తిప్పి చూస్తాడు. కొన్ని కంపెనీల ఛార్జర్ల పిన్నులో మధ్యనుండే సన్నటి సూదే అది ఎన్ని వాట్లదో మదర్‌బోర్డుకు చెబుతుంది. ఆ సూది వంగినా, లోపలి తీగ తెగినా బోర్డు ఛార్జర్‌ను గుర్తుపట్టదు, జాగ్రత్త కోసం ప్రాసెసర్ వేగానికి కళ్లెం వేస్తుంది. తన దగ్గరున్న మంచి ఛార్జర్ పెట్టి చూసి, తప్పు ఛార్జర్‌దా, జాక్‌దా అని తేల్చుకున్నాకే అతను స్క్రూడ్రైవర్ పట్టుకుంటాడు. అవసరం లేనిది విప్పకపోవడం, అక్కర్లేని ఖర్చు పెట్టించకపోవడం. ఈ పనిలో నైపుణ్యమైనా, నిజాయితీ అయినా అదే.