పట్టెతల బాతు పనితనం

లింగంపల్లిలో మేం ఏళ్లుగా తాగుతున్నది మంజీర నీళ్లు. ఆ నీళ్లు నిలిచే చోటికి, సంగారెడ్డి దాటాక వచ్చే మంజీర అభయారణ్యానికి, చలికాలంలో హిమాలయాల అవతలి నుంచి అతిథులు దిగుతాయి. బూడిదరంగు ఒళ్లు, పసుపుపచ్చ ముక్కు, తెల్లని తల వెనక రెండు నల్లని పట్టెలు. పక్షుల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు బార్ హెడెడ్ గూస్ అంటారు. పట్టెతల బాతు అంటే మన నోటికి బాగా అమరుతుంది. ఆర్కిటిక్ బాతులకు దగ్గరి చుట్టమే గానీ దీని పుట్టిల్లు ధ్రువం కాదు. మంగోలియా, టిబెట్, లదాఖ్ సరస్సుల ఒడ్లు. మేఘసందేశంలో కాళిదాసు మానససరోవరానికి పంపిన రాజహంస ఇదేనని కొందరు పండితుల మాట.

పగలంతా ఒడ్డున కునుకు, పొద్దు వాలాక పొలాల్లో మేత. బరువు రెండు మూడు కిలోలు. పైకి ఇంతే. పనితనమంతా లోపల ఉంది.

హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా గొలుసుకు 141 అమైనో ఆమ్లాలు. మైదానాల్లో తిరిగే గ్రేలాగ్ బాతుకు 119వ చోట ప్రోలీన్ ఉంటే, దీనికి అక్కడ అలనిన్. చీరంతా అలాగే ఉంచి ఒక్క పోగు మార్చినట్టు! దానికి తోడు మరో రెండు చిన్న మార్పులు. పల్చటి గాలిలో కూడా రక్తం ఆక్సిజన్‌ను పట్టుకోవడానికి ఆ కాస్తా చాలింది. ఊపిరితిత్తులు మిగతా బాతులకంటే సుమారు పావువంతు పెద్దవి. ఇక రెక్కల కండరంలో, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కణం అంచుకు, రక్తనాళాల పక్కకు జరిగి కూర్చున్నాయి. సరుకు దిగే గుమ్మం దగ్గరే పొయ్యి వేసుకున్నట్టు. నాకు అన్నిటికంటే ముచ్చటైనది ఈ అమరికే.

ఇది ఎవరెస్టు మీదుగా ఎగురుతుందని పాతకాలం నుంచీ చెప్పుకుంటారు. పరికరాలు కట్టి 91 బాతుల్ని గమనించినప్పుడు నమోదైన గరిష్ఠ ఎత్తు 7,290 మీటర్లు. ఎగిరినంతసేపూ దాదాపు ఎప్పుడూ 5,500 మీటర్ల లోపే. దీనితో దాని గొప్ప తగ్గిందని నేను అనుకోను. 2015లో వెలువడిన పరిశోధన అసలు నేర్పు ఎక్కడుందో చూపించింది. కష్టపడి ఎక్కిన ఎత్తును అది పట్టుకు వేలాడదు. లోయ వస్తే దిగుతుంది, కొండ వస్తే మళ్లీ ఎక్కుతుంది. పైన గాలి పల్చన కనుక రెక్కల వేగం పెంచాలి. ఆ వేగం 5 శాతం పెరిగితే గుండె వేగం 19 శాతం, శ్రమ 41 శాతం పెరుగుతాయని లెక్క తేలింది. అందుకే చిక్కటి గాలి దొరికే లోయలోకి దిగడమే దానికి లాభం. ప్రయాణం కూడా ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, రెక్కకు పట్టు దొరుకుతుంది.

ఇంత పనిముట్టును ఏటా తనే విప్పేసుకుంటుంది. వేసవిలో, పిల్లలు ఇంకా నడకలో ఉండగానే, ఎగిరే ఈకలన్నీ ఒక్కసారిగా రాలుస్తుంది. నెలరోజులపాటు నీళ్లే దిక్కు. పిల్లలకు రెక్కలొచ్చే వేళకు తల్లిదండ్రులకూ కొత్త ఈకలు సిద్ధం. తొలి వలసలో పిల్లలు వాళ్ల వెంటే దక్షిణానికి ఎగురుతాయి. చలికాలం మొదట్లో మంజీర ఒడ్డున గుంపును ఓపిగ్గా వెతికితే, తలమీద పట్టెలు ఇంకా తేరని పిల్లలు పెద్దల పక్కనే మేస్తూ కనిపించవచ్చు.