అప్‌డేట్ అయినంక సీడీ సదువుతలేదు

పెళ్లి వీడియో క్యాసెట్ పోయి సీడీ వచ్చిన కాలంలో మా హైదరాబాద్ పాతబస్తీలోని గౌలిపుర, లాల్ దర్వాజా, ఛత్రినాక గల్లీల్లో ఏ ఇంట శుభకార్యమైనా స్టూడియోవాళ్లు ఆల్బంతో పాటు రెండు మూడు వీసీడీలు చేతిలో పెట్టేవారు. పైన పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఫొటోతో స్టిక్కరు. బోనాలవీ అంతే. పోతరాజుల ఆట, తొట్టెలలు, ఏనుగు మీద అక్కన్న మాదన్న గుడి ఘటం, అన్నీ సీడీల్లోకి ఎక్కాయి. ఇప్పుడు ఆ ఇళ్లలో ప్లేయర్లు లేవు, ల్యాప్‌టాపుల్లో డ్రైవ్‌లు లేవు. సీడీలు మాత్రం బీరువాల్లో చీరల కింద భద్రంగా ఉన్నాయి. మా గల్లీలో స్టూడియో నడిపే ఒక కుర్రాడు తన నాన్న తీసినవీ, చుట్టుపక్కలవాళ్లు తెచ్చిచ్చినవీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నాడు. తీరిక దొరికినప్పుడల్లా నేనూ వెళ్లి కూర్చుంటాను. ఈ మధ్య నాకు ఇంతకంటే ఇష్టమైన పని లేదు.

అతని కంప్యూటర్ పాతది. 2025 అక్టోబరులో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. కొత్త విండోస్ ఆ డబ్బా మీద ఎక్కదు కాబట్టి ఉబుంటు అనే లైనక్స్ వేసుకున్నాం. బాగానే నడిచింది. ఒకరోజు ఫోన్: "అన్నా, అప్‌డేట్ అయినంక సీడీ సదువుతలేదు. డ్రైవ్ సచ్చిపోయినట్టుంది. కోఠికి పోయి ఇంకోటి తేవాల్నా?"

ఆగమన్నాను. అప్‌డేట్‌లో మారింది కెర్నల్, అంటే యంత్రానికీ ప్రోగ్రాములకూ నడుమ ఉండి మాట చేరవేసే భాగం. అది మారిన మర్నాడు డ్రైవ్ పలకకపోతే తప్పు కెర్నల్‌దే కావచ్చు, డ్రైవ్‌దే కావచ్చు, అదే వారం దుమ్ము పట్టిన కేబుల్‌దీ కావచ్చు. ఇంట్లో నల్లా రాకపోతే మెయిన్ దగ్గర్నుంచి ఒక్కో వాల్వు చూసుకుంటూ వస్తాం కదా, ఇక్కడా అంతే. ఎక్కడిదాకా పని చేస్తోందో తెలుసుకోకుండా ఏదీ విప్పకూడదు, ఏదీ కొనకూడదు.

బటన్ నొక్కితే ట్రే బయటికొచ్చింది. అంతమాత్రాన సంబరపడనక్కర్లేదు, కరెంటు అందుతోందని మాత్రమే దానర్థం. డేటా కేబుల్ ఊడిపోయినా ట్రే వస్తుంది. తర్వాత కంప్యూటర్ ఆన్ చేస్తూనే బయోస్‌లోకి వెళ్లి చూస్తే డ్రైవ్ పేరు, మోడల్ నంబరు కనిపించాయి. అంటే కేబుల్, డ్రైవ్ లోపలి బోర్డు రెండూ మాట్లాడుతున్నాయి. ఇక అసలు పరీక్ష: ఉబుంటు అప్‌డేట్ అయినప్పుడు పాత కెర్నల్‌ని వెంటనే తీసేయదు. బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళితే వెనకటిది ఉంటుంది. దాంతో ఎక్కించాం. డ్రైవ్ హాయిగా పలికింది. కొత్తదానితో ఎక్కిస్తే మళ్లీ మాయం. ఒక్కటే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి చూశాం గనక అనుమానానికి చోటు లేకుండా పోయింది.

కొత్త కెర్నల్ ఏమంటోందో డీమెసెజ్ కమాండ్ కొట్టి చదివాం. తెలుపు మీద నలుపు అక్షరాల వరదలో మనకు కావలసింది ఒక్క వరస: డ్రైవ్ తగిలించిన పోర్టు దగ్గర "సాటా లింక్ డౌన్". విద్యుత్ ఆదా కోసం ఖాళీగా ఉన్న సాటా లింకులను, అంటే డ్రైవ్‌లను బోర్డుకు కలిపే దారులను, నిద్రపుచ్చడంలో కొత్త కెర్నళ్లు మునుపటికంటే చురుగ్గా ఉంటున్నాయి. హార్డ్‌డిస్కులు పిలవగానే లేస్తాయి. పాత డీవీడీ రైటర్లలో కొన్ని లేవవు. బూట్ వరసలో "లిబాటా.ఫోర్స్=నోఎల్‌పీఎం" అని ఒక్క మాట చేర్చాం. లింకును నిద్రపుచ్చొద్దని చెప్పడం అది. డ్రైవ్ తిరిగొచ్చింది. కోఠి గుజరాతీ గల్లీ ప్రయాణం తప్పింది.

ఇంకా వెనకటి డ్రైవ్‌లున్నవాళ్లకు ఇంకో చిక్కు ఎదురవుతుంది. వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉండే ఐడీఈ డ్రైవ్‌ను ఒకప్పుడు లైనక్స్ హెచ్‌డీసీ అని పిలిచేది. 2007 ప్రాంతంలో ఆ డ్రైవ్‌లు కెర్నల్‌లోని లిబాటా అనే భాగం చేతికి మారి, పేరు ఎస్‌ఆర్‌0 అయింది. పాత ఐడీఈ కోడ్ మొత్తాన్ని 2021లో 5.14 కెర్నల్ నుంచి తీసేశారు. డ్రైవ్‌లు ఆగిపోలేదు, లిబాటా వాటిని ఇప్పటికీ నడుపుతుంది. ఎప్పుడో రాసుకున్న స్క్రిప్టులో హెచ్‌డీసీ అనే పేరు అలాగే ఉండిపోతే మాత్రం అది లేని డ్రైవ్‌ని వెతుక్కుంటూ కూర్చుంటుంది.

డ్రైవ్ వచ్చిందని కుర్రాడు వెంటనే ఒక బోనాల వీసీడీ పెట్టి, లోపలి వీడియో ఉండే డాట్ (.DAT) ఫైలుని కాపీ కొట్టాడు. ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. "సూడన్నా, కెర్నల్ ఖరాబే" అన్నాడు. ఈసారి కెర్నల్ పాపం ఏమీ లేదు. మామూలు డేటా సీడీలో ప్రతి సెక్టారులోనూ 2048 బైట్లు మన సమాచారం, మిగతా చోటు తప్పులు దిద్దుకోవడానికి. వీసీడీ చేసినవాళ్లు వీడియో ఎక్కువ పట్టాలని ఆ దిద్దుబాటు చోటును కూడా వాడేసుకుని సెక్టారుకు 2324 బైట్లు నింపారు. మామూలు కాపీ 2048 లెక్కన అడుగుతుంది, డ్రైవ్ ఇవ్వనంటుంది. గీత పడ్డ సీడీ అనుకుని ఇలాంటివి ఎన్ని చెత్తబుట్టలోకి పోయాయో తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. వీసీడీఎక్స్‌రిప్ అనే చిన్న ప్రోగ్రాముతో తీస్తే అదే డిస్కు మొదట్నుంచి చివరిదాకా వచ్చింది.

నిజంగానే చదవనివీ ఉన్నాయి. వాటి విషయంలో డిస్కు కంటే ముందు డ్రైవ్ లేజర్‌ను అనుమానించాలి. డీవీడీ రైటర్లో రెండు లేజర్లుంటాయి, సీడీకి 780 నానోమీటర్లది, డీవీడీకి 650ది. ఒకటి పోయి ఇంకోటి బతికుండటం మామూలే. అందుకని పరీక్షకు నేను ఎప్పుడూ ఫ్యాక్టరీలో అచ్చయిన డిస్కునే పెడతాను. 2011 దాకా ఉబుంటువాళ్లు పోస్టులో ఉచితంగా పంపిన సీడీల్లో ఒకటి నా దగ్గరుంది, ఇంట్లో రైట్ చేసినవాటికంటే దాన్ని డ్రైవ్ తేలిగ్గా చదువుతుంది. దాన్ని కూడా చదవలేకపోతే తప్పు డిస్కుది కాదని తేలిపోతుంది.

పెళ్లి స్టిక్కర్లతో జాగ్రత్తగా ఉండాలి. సీడీలో సమాచారం మోసే లోహపు పొర మెరిసే వైపు లోతున ఉంటుందనుకుంటాం గానీ, అది స్టిక్కరు వైపే, పల్చటి లక్క కిందనే ఉంటుంది. స్టిక్కరు అంచు లేచిందని పీకితే పెళ్లి కూడా ఊడి వస్తుంది. దాన్ని అలాగే ఉంచి, ఎజెక్ట్ కమాండ్‌తో వేగం నాలుగు రెట్లకు తగ్గించి తిప్పుతాం. నలభై ఎనిమిది రెట్ల వేగంలో ఊగిపోయి చదవని డిస్కు నాలుగులో నెమ్మదిగా పలుకుతుంది. తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు, గుండ్రంగా ఎప్పుడూ కాదు.

ఫొటోలూ ఫైళ్లూ ఉన్న డేటా సీడీలకైతే డీడీరెస్క్యూ ఉంది. అది చదవగలిగినంత చదివి, రాని సెక్టార్ల చిట్టా రాసి పెట్టుకుంటుంది. ఆ డిస్కును తీసి వేరే డ్రైవ్‌లో పెట్టి, అదే చిట్టాతో మళ్లీ నడిపితే మిగిలినవాటి మీదే పడుతుంది. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదవడం తరచూ చూస్తుంటాం. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత రైటర్ కనబడితే నేను బేరమాడి తెచ్చేది అందుకే.

స్టూడియో కంప్యూటర్లో మంచిగా నడిచిన పాత కెర్నల్‌ని ఆటోరిమూవ్ తుడిచేయకుండా హోల్డ్‌లో పెట్టాం. ఇప్పుడు ఛత్తా బజార్ శుభలేఖల ప్రెస్సు నుంచి ఒక సంచి సీడీలు వచ్చింది. అన్నీ పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్లు. వాటిని చదివించడం డీడీరెస్క్యూ చూసుకుంటుంది. తెరిచే కంప్యూటర్ కోసం వెతుకుతున్నాం.