అడ్డంకి వెల ఎంత?

లాజిస్టిక్స్‌లో పీజీ అంటే మా చుట్టాల లెక్కలో లారీల చదువు. ఆ మాటలో తప్పేం లేదు. క్లాసులో మొదటి వారమే లారీతో మొదలవుతుంది. గోదాములో బయల్దేరి 14 దుకాణాలకు సరుకు దింపి వెనక్కి రావడానికి 4,300 కోట్లకు పైగా దారులున్నాయని తేలుతుంది. అన్నీ సరిచూడకుండానే వాటిలో మేలైనది పట్టుకోవడం ఈ విద్య.

పట్టుకోవడం మాత్రం కంప్యూటర్ పని. మనకు మిగిలేది ప్రశ్నను సరిగా రాయడం. 1945లో ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 77 రకాల ఆహార పదార్థాలు ముందేసుకుని, ఒక మనిషికి కావలసిన పోషకాలన్నీ ఏడాదిపాటు అతి తక్కువ ఖర్చులో ఎలా అందుతాయో లెక్క కట్టాడు. వచ్చింది 39.93 డాలర్లు. రెండేళ్ల తర్వాత జార్జ్ డాంట్జిగ్ కనిపెట్టిన సింప్లెక్స్ పద్ధతిలో అదే లెక్కను మళ్లీ చేస్తే 39.69 వచ్చింది. తేడా 24 సెంట్లు. అయితే గోధుమపిండి, క్యాబేజీ, ఎండు చిక్కుడు గింజలతో ఏడాదంతా ఎవరు గడుపుతారు? రుచి అనే షరతు ఎవరూ రాయలేదు, లెక్క దాన్ని పట్టించుకోలేదు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చిన పాఠం షాడో ప్రైస్. ఒక్కో షరతును కాస్త సడలిస్తే ఎంత మిగులుతుందో చెప్పే అంకె అది. ప్రాజెక్టు కోసం వెళ్లిన గోదాములో మేనేజరుగారు మొదటి రోజే తేల్చేశారు: "ఇంకో లారీ ఉంటే చాలండీ." లెక్క తీస్తే లారీల షాడో ప్రైస్ సున్నా. ఉన్న లారీలే ప్లాట్‌ఫామ్ ఖాళీ కోసం బారులు తీరి ఉన్నాయి. ఇంకొకటి కొంటే ఆ బారు చివర చేరుతుంది, అంతే. వెల పలికింది ప్లాట్‌ఫామ్ పనిచేసే గంట. అదీ కొంత మేరకే. రెండు మూడు గంటలు పెంచితే బిగువు ఇంకోచోటికి, బహుశా కాటా దగ్గరికి, జరుగుతుంది.

అంకె చూడగానే మేనేజరుగారి చూపు మధ్యాహ్నం ఒంటిగంట మీదికి పోయింది. హమాలీలు అన్నానికి కూర్చునే వేళ అది. ప్లాట్‌ఫామ్ ఖాళీగా ఉండేది అప్పుడే. కంప్యూటర్‌కు అది కూడా ఓ షరతే, తీసేయమంటే తీసేస్తుంది. బస్తాలు మోసే మనిషి ఒంటి అలసటకు మా మోడల్‌లో చోటులేదు మరి, స్టిగ్లర్ లెక్కలో రుచికి లేనట్టే.

రిపోర్టులో ఆ గంట వెల దాచలేదు. రోజుకు ఇంత అని వేసి, కింద రాశాను: ఈ గంట జోలికి పోవద్దు. రెండో ప్లాట్‌ఫామ్ కట్టడానికి ఎంత ఖర్చు పెట్టవచ్చో ఈ అంకెతో బేరీజు వేసుకోండి.