సూది మొన చదివే బంగారం

రామగిరి కొండల్లో బంగారం కోసం తవ్విన గుంతల్లో కంపెనీల కాలానికి చాలా ముందువి కూడా ఉన్నాయి. 20వ శతాబ్దం మొదటి పాతికేళ్లలో ఆంగ్లేయుల కంపెనీలు ఇక్కడ గనులు నడిపాయి. స్వాతంత్ర్యం వచ్చాక, కోలార్ గనులు చూసుకున్న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ రామగిరిలోనూ పని చేసింది. 2001లో ఆ సంస్థకే తాళం పడింది. పలుగురాతిలో చిక్కుకున్న బంగారాన్ని రాబట్టాలంటే టన్నుల కొద్దీ రాయి పగలగొట్టి, పిండి చేసి, శుద్ధి చేయాలి. టన్నుకు చేతికొచ్చేది కొన్ని గ్రాములు. అందుకే ఈ వైపు బంగారం గురించి ఎవరు మాట్లాడినా మాట తూకం దగ్గరికే వస్తుంది.

పక్కనే ధర్మవరంలో ఆ లెక్క కొంచెం మారుతుంది. పట్టుచీర అంచులో నేసే అసలు జరీ అంటే పట్టుదారానికి చుట్టిన సన్నటి వెండి తీగ, దాని మీద బంగారు పూత. ఆ పూత మందం వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. మెరుపంతా దానిదే. అక్కడ బంగారం ఎంతుందన్న దానికన్నా ఎంత సమంగా పరుచుకుందన్నదే ముఖ్యం.

ఆ పూతను ఇంకా పలుచన చేస్తూ పోతే ఏమవుతుంది? వంద పరమాణువుల మందం, తర్వాత పది, చివరికి ఒకే ఒక్క వరస. ఆ స్థాయిలో బంగారం బంగారంలా ప్రవర్తించదు, ఇనుము ఇనుములా ప్రవర్తించదు. అంత పలుచని పొరలను లేజర్‌తో వేయడం ఒక విద్య. వేసిన పొరలో ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో సూదితో చదవడం మరో విద్య. ఈ రెండూ కలిసినచోటే ఉపరితల భౌతికశాస్త్రంలో చాలా చిక్కుముడులు వీడాయి.

లేజర్ దెబ్బ

పద్ధతి పేరు పల్స్‌డ్ లేజర్ డిపాజిషన్. ఒక ఉక్కు గదిలోంచి గాలి తోడేస్తారు. లోపల ఒకవైపు పూతకు కావాల్సిన పదార్థపు బిళ్ల ఉంటుంది. దానికెదురుగా, కొన్ని సెంటీమీటర్ల దూరంలో, పూత పడాల్సిన పలక. కిటికీలోంచి లేజర్ పల్స్ వచ్చి బిళ్లను కొడుతుంది. క్రిప్టాన్ ఫ్లోరైడ్ లేజర్ అయితే అది 248 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. పల్స్ నిడివి 20, 30 నానోసెకన్లు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలో బిళ్ల పైభాగం ప్లాస్మాగా మారి, వెలుగుతూ పలకవైపు దూసుకెళ్తుంది. దీన్నే ప్లూమ్ అంటారు. ఒకేచోట గుంత పడకుండా బిళ్లను తిప్పుతూ ఉంటారు. అయినా కరిగిన బొట్లు కొన్ని ఎగిరివచ్చి పొర మీద పడుతుంటాయి. ఈ పద్ధతికి ఉన్న పాత జబ్బు అదే.

రూబీ లేజర్‌తో ఇలా పొరలు వేయవచ్చని స్మిత్, టర్నర్ 1965లోనే చూపారు. కానీ రెండు దశాబ్దాల పాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1987లో అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాలలో భారతీయ శాస్త్రవేత్త టి. వెంకటేశన్ బృందం ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన సూపర్ కండక్టర్‌ను ఈ దారిలో పలుచని పొరగా తెచ్చింది. దాంతో సీన్ మారిపోయింది. మామూలుగా వేడిచేస్తే ఒక్కో మూలకం ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర ఆవిరవుతుంది కాబట్టి పాళ్లు తప్పుతాయి. లేజర్ మాత్రం ఆ పైచర్మాన్ని ఒక్క ఊపున లేపుతుంది గనుక బిళ్లలోని పాళ్లే దాదాపుగా పొరలోకి వస్తాయి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.బి. కృపానిధి ఫెర్రోఎలక్ట్రిక్ పొరల మీద చేసిన పనికీ ఇలాంటి ఎక్సైమర్ లేజర్లే తోడయ్యాయి.

గదిలోకి కాస్త ఆర్గాన్‌నో హీలియంనో వదిలితే కథ మరో మలుపు తిరుగుతుంది. ఎగిరే పరమాణువులు వాయువును ఢీకొని నెమ్మదిస్తాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి, గుంపులవుతాయి. అవే నానోక్లస్టర్లు.

తాకకుండా చదివే సూది

1981లో స్విట్జర్లాండ్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో గెర్డ్ బిన్నిగ్, హైన్రిష్ రోరర్ స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ (ఎస్‌టీఎం)ను పని చేయించారు. 1986లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కనిపెట్టిన ఎర్నెస్ట్ రస్కాతో దాన్ని పంచుకున్నారు. ఎస్‌టీఎంతో 1982లో వాళ్లు ప్రచురించిన తొలి ఉపరితలాల్లో ఒకటి బంగారానిదే.

ఇందులో కటకాలు ఉండవు. లోహపు సూదిని నమూనాకు నానోమీటరు దూరం వరకు తెస్తారు గానీ తాకనివ్వరు. కాస్త వోల్టేజీ పెడితే మధ్యలో తీగ లేకపోయినా ఎలక్ట్రాన్లు ఆ సందును దాటేస్తాయి. ఇదే క్వాంటం టన్నెలింగ్. ఆ విద్యుత్తు ఆంపియర్‌లో వంద కోట్లవ వంతు అటూఇటుగా ఉంటుంది. దూరం 0.1 నానోమీటరు పెరిగితే విద్యుత్తు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. యంత్రం బలమంతా ఈ ఒక్క లెక్కలోనే ఉంది. విద్యుత్తు మారకుండా పీజో స్ఫటికం సూదిని పైకీ కిందకీ జరుపుతూ వరసలు వరసలుగా నడిపిస్తుంది. సూది ఎంత లేచిందో, ఎంత దిగిందో రాసుకుంటే అదే ఉపరితలపు పటం. పత్రికల్లో కనిపించే బంగారు రంగు, నీలం రంగు తర్వాత కంప్యూటర్‌లో వేసినవే.

ఇంతటి యంత్రం ఒక తీగ ముక్క మీద ఆధారపడి ఉంది. టంగ్‌స్టన్ తీగను సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నిలబెట్టి విద్యుత్తు పంపుతారు. ద్రావణం పైమట్టం దగ్గర తీగ అరుగుతూ మెడలా సన్నబడుతుంది. చివరికి కింది ముక్క తన బరువుకు తానే తెగి పడిపోతుంది. ఆ క్షణమే విద్యుత్తు ఆపేయాలి. ఆలస్యమైతే పైన మిగిలిన మొన కూడా అరిగి మొద్దుబారుతుంది. ఇక సూది దొరికినా గది కదిలితే పటం చెదురుతుంది. బిన్నిగ్, రోరర్ మొదట్లో అదురు తగలకుండా యంత్రాన్ని సూపర్ కండక్టింగ్ సీసపు గిన్నె మీద అయస్కాంతాలతో తేల్చారు. తర్వాత స్ప్రింగులతోనే సరిపెట్టుకున్నారు.

సూది చెప్పిన సంగతులు

1996లో జర్మనీలోని హాలే నగరంలో, మాక్స్ ప్లాంక్ సంస్థలో, యుర్గెన్ కిర్ష్‌నర్ బృందం ఒకే రాగి ఉపరితలం మీద ఇనుమును రెండు రకాలుగా పరిచింది. ఒకటి మామూలుగా వేడిచేసి, రెండోది లేజర్‌తో. వేడితో వేసిన ఇనుము ఒక వరస నిండకుండానే గుట్టలుగా పేరుకుందని ఎస్‌టీఎం చూపింది. లేజర్‌తో వేసినది మొదటి నుంచీ వరస తర్వాత వరసగా కూర్చుంది. కారణం వేగంలో ఉంది. పల్స్ పడిన క్షణంలో పరమాణువులు ఒక్కసారిగా గుప్పున రాలుతాయి. దాంతో లెక్కలేనన్ని చిన్న దీవులు ఒకేసారి మొలకెత్తుతాయి. దీవి చిన్నదైతే దాని మీద పడిన పరమాణువు అంచుదాకా జరిగి కిందికి దిగడం తేలిక. పొర మంచిచెడ్డలు మొదటి వరసలోనే తేలిపోతాయన్నది ఇలా కంటికి కనిపించింది.

బంగారం సంగతి మరీ విచిత్రం. దాని స్ఫటికపు ఒక ముఖం మీద పై వరసలో 22 చోట్లలో 23 పరమాణువులు ఇరుక్కుని ఉంటాయి. ఆ ఇరుకు వల్ల ఉపరితలం మీద వంకరటింకర గట్లు లేస్తాయి. 1991లో ఐబీఎం అల్మాడెన్ పరిశోధకులు ఆ బంగారం మీద నికెల్ పరమాణువులు చల్లి చూస్తే, అవి గట్లు వంగిన మూలల్లోనే గుమికూడి, వరసలు తీరిన క్లస్టర్లయ్యాయి. ఎవరూ పేర్చకుండానే!

క్లస్టర్ చిన్నదయ్యేకొద్దీ గుణమే మారుతుంది. రెండు నానోమీటర్ల బంగారు క్లస్టర్‌లో సుమారు 250 పరమాణువులుంటాయి. వాటిలో దాదాపు సగం పైభాగంలోనే ఉంటాయి. దేనితోనూ కలవదని పేరుపడ్డ బంగారం, నానో సైజులో సున్నాకు 70 డిగ్రీల దిగువన కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను మండించగలదని జపాన్ శాస్త్రవేత్త హరూతా 1987లో వెల్లడించారు. ఎందుకని? 1998లో టెక్సాస్‌లో వేన్ గుడ్‌మన్ బృందం టైటానియం ఆక్సైడ్ మీద బంగారు క్లస్టర్లను ఎస్‌టీఎంతో ఒక్కొక్కటిగా కొలిచింది. రెండు పరమాణు పొరల మందమున్న క్లస్టర్లు లోహ స్వభావం వదులుకోవడం మొదలుపెట్టే చోటే చురుకు ఎక్కువని తేల్చింది. వాళ్లు బంగారాన్ని వేసింది లేజర్‌తో కాదు. కానీ క్లస్టర్ ఎలా పుట్టినా సూది పరీక్ష ఒకటే.

ఈ సూదికీ హద్దులున్నాయి. నమూనాలో విద్యుత్తు పారకపోతే ఎస్‌టీఎం గుడ్డిదవుతుంది. లేజర్‌తో వేసే ఆక్సైడ్ పొరల్లో చాలావాటికి 1986లో వచ్చిన అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపే దిక్కు. కనిపించిన గుబ్బ ఏ మూలకానిదో సూది నేరుగా చెప్పదు. పైగా అది చూపేది ఎలక్ట్రాన్ల పటం. ఎత్తనుకున్నది ఒక్కోసారి ఎత్తు కాకపోవచ్చు.

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతలి ముచ్చట కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎస్. వేణుగోపాలరావు బృందం ద్రవంలో ముంచిన లోహాన్ని అతి పొట్టి లేజర్ పల్స్‌లతో కొట్టి బంగారు, వెండి నానోకణాలు చేస్తోంది. పేలుడు పదార్థాల జాడ పట్టడానికి వాటిని వాడుతోంది. శాస్త్రవేత్తలు సి.ఎన్.ఆర్. రావు, జి.యు. కులకర్ణి బెంగళూరులో లోహపు క్లస్టర్లను టన్నెలింగ్ సూదితో పరీక్షించి, సైజు బాగా తగ్గినప్పుడు వాటిలో లోహ స్వభావం సన్నగిల్లుతుందని 1990లలో చూపారు. రావు నెలకొల్పిన జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ జక్కూరులో ఉంది. పెనుకొండ మీదుగా బెంగళూరు వెళ్లే హైవేకి అది కొద్ది దూరమే.

హిందూపురం, ధర్మవరం, పెనుకొండ కాలేజీల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివే పిల్లలకు ఆ గేటు తెరిచే ఉంది. దేశంలోని సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్‌లకు దరఖాస్తులు పిలుస్తాయి. అధ్యాపకులు ఆ ప్రకటనను నోటీసు బోర్డుకు అంటించి, అడిగిన పిల్లలకు సిఫారసు లేఖ రాసిస్తే చాలు, మిగతాది వాళ్లు చూసుకుంటారు.