అద్భుత కథల్లో కష్టం, సామాజిక ఉన్నతి: పేదరాశి పెద్దమ్మ స్థానం

వ్యాససంగ్రహం:
అద్భుత కథల్లో కష్టాలకు ఫలం ఉన్నతి అనే అభిప్రాయం స్థిరపడింది. ఉన్నతి ఎవరికి దక్కుతుంది, ఎవరి శ్రమ మీద దక్కుతుంది అన్న ప్రశ్న అంతగా చర్చకు రాలేదు. ‘పాతాళభైరవి’, ‘బాలనాగమ్మ’, ‘ఏడు చేపల కథ’ ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించి, నాయకుని ఎదుగుదలకు దారి చూపి తాను ఎదగని పాత్రగా పేదరాశి పెద్దమ్మను విశ్లేషించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అద్భుత కథ, సామాజిక ఉన్నతి, శ్రమ, పేదరాశి పెద్దమ్మ, పాతాళభైరవి, బాలనాగమ్మ.

1. ప్రవేశిక

వ్లదిమీర్ ప్రాప్ 1928లో అద్భుత కథా నిర్మాణాన్ని 31 క్రియాంశాలుగా విభజించాడు. వాటిలో చివరిది వివాహం, సింహాసనారోహణం. అంటే ఉన్నతి ఈ కథలకు కేవలం ఇతివృత్తం కాదు, నిర్మాణంలోనే ఉన్న గమ్యం. రూత్ బాటిగ్‌హైమర్ ఈ కథలను రెండు రకాలుగా చూసింది. పుట్టు పేదవాడు మహిమ వల్ల, పెళ్లి వల్ల సంపన్నుడయ్యేవి ఎదుగుదల కథలు. రాజవంశీయులు స్థానభ్రష్టులై, పరీక్షలు దాటి, పోగొట్టుకున్నది తిరిగి పొందేవి పునఃస్థాపన కథలు.

ఈ విభజన ఒక భ్రమను తొలగిస్తుంది. పేదపిల్ల రాణి అయిన కథగా మనం చెప్పుకొనే సిండ్రెల్లా నిజానికి పేదపిల్ల కాదు. 1697 నాటి పెరో కథలో ఆమె ఒక కులీనుని కూతురు. 1812లో గ్రిమ్ సోదరులు ప్రకటించిన పాఠంలో ధనికుని కూతురు. బూడిదలో కూర్చున్నది కొంతకాలమే. ఆమె అంట్లు తోమడం సవతితల్లి చేసిన అన్యాయానికి గుర్తు. పుట్టుకతోనే ఆ పని చేసేవారి గురించి కథ మాట్లాడదు.

2. తోటరాముడికి పెట్టిన షరతు

తెలుగులో ఎదుగుదల కథకు ప్రసిద్ధమైన రూపం 1951లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘పాతాళభైరవి’. పింగళి నాగేంద్రరావు రచనలో కాశీమజిలీ కథల ఛాయలూ, అల్లావుద్దీన్ కథ పోలికలూ కనిపిస్తాయి. అల్లావుద్దీన్ దర్జీ కొడుకు. రాముడు తోటమాలి కొడుకు. ఇద్దరి పుట్టుకలోనూ దాచిన రాచరికం లేదు. ఆ విధంగా ఇది అచ్చమైన ఎదుగుదల కథ.

అయితే రాజు పెట్టిన షరతు గమనార్హం. తనతో సమానమైన సంపద తెస్తే కూతురినిస్తానంటాడు. రాముడి సాహసాన్ని ఒప్పుకున్నా, దానిని అర్హతగా లెక్కించడు. తోటపనితో ఆ సంపద రాదని రాజుకూ తెలుసు, రాముడికీ తెలుసు, ప్రేక్షకుడికీ తెలుసు. అందుకే కథ పాతాళభైరవి ప్రతిమను ఆశ్రయించింది. తోట రాముడి పేరులో మిగిలింది కాని అతని దారిలో లేదు. ప్రతిమ మాంత్రికుడి చేతికి చిక్కగానే మేడతో సహా అంతా మాయమవుతుంది. మహిమతో వచ్చిన ఉన్నతి మహిమతోనే పోయింది. తిరిగి దక్కడానికి రాముడి సాహసంతో పాటు, సదాజపుడి వేషంలో మాంత్రికుణ్ణి బోల్తా కొట్టించిన అంజి సాయమూ కావలసివచ్చింది. ఒంటరి నాయకుని విజయంగా కనిపించేది నిజానికి ఒంటరిది కాదు.

3. కోటలోకి దారి

‘బాలనాగమ్మ’ పునఃస్థాపన కథ. మాయల ఫకీరు చెరలో ఉన్న తల్లిని విడిపించడానికి వచ్చిన బాలవర్ధిరాజు రాజకుమారుడు. కాని కోటలోకి అతడు రాజకుమారుడిగా ప్రవేశించలేడు. ఫకీరుకు పూలు తీసుకువెళ్లే తంబళి పెద్ది ఇంట చేరి, ఆమె మనవడిగా చెలామణీ అయి, పూల నెపంతో లోపలికి వెళ్తాడు. కత్తి చేయలేని పనిని పూలబుట్ట చేసింది.

తంబళి పెద్ది మన కథల్లో ఒంటరి పాత్ర కాదు. ఊరి బయట గుడిసెలో ఉండి, బాటసారులకు వండిపెట్టి, రాచనగరుకు పూలదండలు కట్టి ఇచ్చే పేదరాశి పెద్దమ్మ అనేక కథల్లో వస్తుంది. సిండ్రెల్లాకు సాయపడిన దేవతకు మంత్రదండం ఉంది. పెద్దమ్మకు ఏ మహిమా లేదు. ఆమె ఇచ్చేవి అన్నం, నీడ, ఊరి సమాచారం, కోట లోపలికి దారి. అవన్నీ ఆమె నిత్యశ్రమ వల్ల సమకూరినవే. పూలు పట్టుకువెళ్లే మనిషి గనుకనే కాపలావాళ్లు ఆమెను అడ్డగించరు. అంటే కోటను తెరిచే తాళంచెవి ఆమె తక్కువ స్థాయే. నాయకుడు ఆ స్థాయిని కొద్ది రోజులు అరువు తెచ్చుకుని పైకి వెళ్తాడు. ఆమె అందులోనే ఉండిపోతుంది.

కొన్ని కథనాల్లో చివర ఆమెకు బహుమానం ముడుతుంది కదా అనవచ్చు. బహుమానం వేరు, ఉన్నతి వేరు. నాయకుని స్థానం మారుతుంది. పెద్దమ్మకు సొమ్ము ముడుతుంది. మరో కథ మొదలయ్యేసరికి ఆమె మళ్లీ అదే గుడిసెలో కనిపిస్తుంది. ఇది కథకుల మరపు కాదనిపిస్తుంది. ఆమె స్థానం మారితే మరో నాయకుడికి దారి ఉండదు.

4. ఎదుగుదల లేని కథ

దీనికి ప్రత్యామ్నాయం మన సంప్రదాయంలోనే ఉంది. ‘ఏడు చేపల కథ’ రాజకుమారుల వేటతో మొదలవుతుంది కాని వారి దగ్గరకు తిరిగి రాదు. ఎండని చేప దగ్గర నుంచి గడ్డిమోపు, ఆవు, పాలేరు, అన్నం పెట్టని అవ్వ, ఏడ్చే పిల్లవాడు, కుట్టిన చీమ వరకు ప్రశ్న సాగుతుంది. ఇందులో ఎవరూ ఎదగరు. కాని ఒకరి పని ఆగితే మరొకరి పని ఎందుకు ఆగుతుందో తెలుస్తుంది. ఉన్నతి కథలు దాచిన శ్రమ గొలుసును పసిపిల్లల కథ బయటపెట్టింది.

5. సమకాలీన అన్వయం

బొంతపల్లి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఈ కథలను బోధించేటప్పుడు ఈ ప్రశ్నకు బలం పెరుగుతుంది. దూరప్రాంతాల నుంచి కర్మాగారాలకు వచ్చినవారికి గది చూపేవారు, మెస్సు నడిపేవారు, షిఫ్టు వేళకు డబ్బా కట్టి ఇచ్చేవారు ఇక్కడ ఉన్నారు. వచ్చినవారిలో కొందరు కాలక్రమంలో పై స్థాయికి చేరతారు. వారి విజయగాథ చెప్పుకునేటప్పుడు ఆ అన్నం పెట్టిన చేయి అందులో ఉంటుందా? కథ అలవాటు చేసిన మరపు జీవితంలోనూ కొనసాగుతోందేమో అధ్యాపకులు ఆలోచించాలి. కష్టపడితే పైకి వస్తారన్న నీతిని మాత్రమే ఈ కథల నుంచి బోధిస్తే, పైకి రానివారు కష్టపడలేదన్న తీర్పును కూడా తెలియకుండానే బోధించినట్లవుతుంది.

6. ముగింపు

ఎదుగుదల, పునఃస్థాపన అనే విభజన నాయకుని పుట్టుకనూ గమ్యాన్నీ వివరిస్తుంది. దానికి మూడో ప్రశ్నను చేర్చాలి: ఈ కథలో ఎదగనివారు ఎవరు? తెలుగు కథల్లో ఈ ప్రశ్నకు సమాధానంగా ముందు నిలిచేది పేదరాశి పెద్దమ్మ. పాఠాంతరాల సేకరణలో ఆమె వృత్తి, మాట, చివరి ప్రస్తావన ప్రత్యేకంగా నమోదు చేస్తే, మన కథాసంప్రదాయం శ్రమకు ఇచ్చిన విలువను మరింత కచ్చితంగా అంచనా వేయవచ్చు.